చెట్లు చిగురించేలోపు: ట్రిలియం పువ్వు వెనుక లెక్క

క్లుప్తంగా: ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో వసంతంలో పూసే తెల్ల ట్రిలియం నీడ పడే పెరళ్లకు తగిన మొక్కగా పేరు పొందింది. కొన్నవారిలో చాలామందికి మాత్రం అది అర్థం కాని మొక్కగానే మిగులుతోంది. వేసవి చివరికి మాయమవుతుంది, విత్తితే రెండేళ్ల దాకా కనిపించదు, పూయడానికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది, జింక ఒకసారి కొరికితే ఆ ఏడాది మళ్లీ లేవదు. ఈ విచిత్రాలన్నిటికీ మూలం ఒకటే: చెట్లకు ఆకులు రాకముందు దొరికే కొద్ది వారాల ఎండ మీద ఆధారపడిన దాని బతుకు.

ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు దాకా అంటారియో, మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా ప్రాంతాల మేపుల్, బీచ్ అడవుల్లో నేల మీద తెల్ల దుప్పటి పరిచినట్టు ట్రిలియం పూలు విచ్చుకుంటాయి. జానెడు నుంచి మూరెడు ఎత్తు కాడ, దాని కొసన మూడు వెడల్పాటి ఆకులు, వాటి పైన మూడు ఆకుపచ్చని రక్షక పత్రాలు, మూడు తెల్లని రేకులు. పేరులోని ‘ట్రి’ ఈ మూడు మూళ్ల లెక్కనే సూచిస్తుంది. రోజులు గడిచేకొద్దీ తెల్ల రేకులు లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. 1937లో కెనడా ప్రావిన్సు అంటారియో దీన్ని తన అధికారిక పుష్పంగా ఎంచుకుంది. 1975లో సడ్‌బరీలో తొలిసారి ఎగిరిన ఫ్రెంచి అంటారియన్ల జెండాలో కూడా ఈ పువ్వు ఉంది. ఒహాయో రాష్ట్రపు అడవి పువ్వు కూడా ఇదే.

టొరంటో పరిసరాల్లోనూ ఒహాయో, న్యూజెర్సీ రాష్ట్రాల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరళ్లలో ఎండ పడే చోట గోంగూర, దొండ, మిరప వంటివి మామూలుగా కనిపిస్తాయి. పెద్ద మేపుల్ చెట్టు కింద మిగిలే చీకటి మూల ఖాళీగా ఉండిపోతుంది. నర్సరీలో ‘నీడకు తగినది’ అన్న చీటీతో ట్రిలియం ఆ మూలకే వచ్చి చేరుతుంది. చిక్కు ఆ చీటీ దగ్గరే మొదలవుతుంది.

ఆకు లేని వారాలు

ఆకులు రాల్చే అడవిలో నేల మీద పడే వెలుగు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వేసవిలో మేపుల్ కొమ్మలు పూర్తిగా కప్పుకున్నాక నేలకు చేరే ఎండ తరచుగా ఐదు శాతానికి లోపే ఉంటుంది. చలికాలంలో కొమ్మలు బోడిగా ఉన్నా నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఆ వెలుగు వల్ల ప్రయోజనం లేదు. మంచు కరిగి నేల మెత్తబడటానికీ, చెట్ల ఆకులు పూర్తిగా విచ్చుకోవడానికీ మధ్య కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. వెలుగు, మంచునీటి తేమ, మొక్కకు చాలినంత వెచ్చదనం మూడూ ఒకేసారి దొరికేది అప్పుడే.

ట్రిలియం ఈ వ్యవధిని వాడుకోవడానికి ముందే సిద్ధమై ఉంటుంది. నేల కింద పసుపు కొమ్ములాంటి భూగర్భ కాండం ఉంటుంది. మరుసటి వసంతంలో పైకి రావలసిన కాడ, ఆకులు, పువ్వు అన్నీ మొగ్గ రూపంలో అంతకు ముందు ఏడాదే ఆ కొమ్ము కొసన తయారై ఉంటాయి. కాబట్టి ఈ ఏడాది కనిపించే పువ్వు నిరుడు కూడబెట్టిన పిండిపదార్థానికి ఫలితం. ఈ ఏడాది ఆకులు సంపాదించేది వచ్చే ఏటి పువ్వుకు పెట్టుబడి. నేలలోంచి లేచిన కొద్ది రోజుల్లోనే ఆకులు పూర్తి పరిమాణానికి విచ్చుకుని, ఏడాది సంపాదనలో అధిక భాగాన్ని పైన నీడ చిక్కబడకముందే ముగించుకుంటాయి.

ఈ పద్ధతిని ఇంకా తీవ్రంగా పాటించే మొక్కలూ అదే అడవిలో ఉన్నాయి. పసుపుపచ్చని ట్రౌట్ లిల్లీ, స్ప్రింగ్ బ్యూటీ వంటివి వేసవి మొదలు కాకముందే ఆకులతో సహా అదృశ్యమవుతాయి. ట్రిలియం అంత తొందరపడదు. దాని ఆకులు వేసవి నడిమి దాకా, తేమ ఉంటే ఇంకా తర్వాత దాకా నిలిచి, పలచని వెలుగులో కొద్దికొద్దిగా కూడబెడుతూనే ఉంటాయి. ఆ తర్వాత పసుపు తిరిగి పడిపోతాయి. మొక్క చచ్చిందనుకుని ఆగస్టులో అక్కడే తవ్వి వేరేదేదో నాటేవారు నిజానికి నిద్రలో ఉన్న కొమ్మును గునపంతో పొడుస్తున్నారన్నమాట.

దీన్ని ‘నీడ మొక్క’ అనడంలో పూర్తి అబద్ధం లేదు, కానీ సగం నిజమే ఉంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే స్ప్రూస్, పైన్ వంటి చెట్ల కింద, లేదా ఇంటి ఉత్తరపు గోడ వారన వసంతంలో కూడా ఎండ తగలని చోట ఇది ఏటేటా చిక్కిపోతుంది. దానికి కావలసింది వసంతంలో ఎండ పడి, వేసవిలో నీడ కమ్మే చోటు.

నల్లమలలో వసంతం వేరు

ఆకు రాల్చే అడవులు తెలుగు నేలకూ కొత్త కాదు. నల్లమలలోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ మాఘ ఫాల్గుణాలకు చెట్లు ఆకులు రాలుస్తాయి. మోదుగు, బూరుగు బోడి కొమ్మల మీదే పూస్తాయి. నేల మీద ఎండకు కొదవ ఉండదు. అలాంటప్పుడు ట్రిలియం లాంటి నేలపూలు ఇక్కడ వసంతంలో ఎందుకు పరచుకోవు అన్న ప్రశ్న సహజం.

కారణం నీరు. అక్కడ వసంతం మంచు కరిగే కాలం, ఇక్కడ వసంతం నేల ఎండే కాలం. వెలుగు ఉన్నప్పుడు తేమ లేదు, తేమ వచ్చేసరికి చెట్లు మళ్లీ చిగురిస్తాయి. అందుకే మన అడవుల్లో దుంప మొక్కల బతుకంతా తొలకరికి ముడిపడి ఉంది. అడవినాభి, నేలతాడి, అడవి కంద ఎండాకాలమంతా నేల కింద నిద్రపోయి, వానలతో లేస్తాయి. చలికి దాక్కునే మొక్క అక్కడ, కరువుకు దాక్కునే మొక్క ఇక్కడ. భూమిలో దాచుకోవడం రెండు చోట్లా ఒకటే. వాసన విషయంలోనూ ఒక పోలిక ఉంది. తెల్ల ట్రిలియానికి దగ్గర బంధువైన ఎర్ర ట్రిలియం కుళ్లిన మాంసపు వాసనతో ఈగలను పిలుస్తుంది. కంద పువ్వు విచ్చుకున్న పెరటి దారిన నడిచినవారికి ఆ ఉపాయం గురించి వేరే చెప్పనక్కరలేదు.

చలి తగలకపోతే ట్రిలియం మొగ్గ నిద్ర లేవదు. హైదరాబాదులోనో విజయవాడలోనో కుండీలో పెంచుదామని తెప్పించుకుంటే డబ్బు, మొక్క రెండూ పోతాయి.

విత్తు నుంచి పువ్వుకు పదేళ్లు

ట్రిలియం మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కాలం గురించే. విత్తనాలు వేసవి నడిమికి పండుతాయి. నేలపై పడిన విత్తనం ఒక చలికాలం గడిపాక నేల లోపలే వేరును మాత్రమే వదులుతుంది. పైకి ఏమీ కనిపించదు. రెండో చలికాలం దాటాకే ఒక చిన్న బీజదళం, అంటే విత్తనంలోని తొలి ఆకు, నేల మీదికి వస్తుంది. మధ్యలో చలి సరిగా తగలకపోయినా, విత్తనం ఎండిపోయినా ఈ క్రమం చెడుతుంది. పొట్లంలో ఆరబెట్టి అమ్మే విత్తనాలు సాధారణంగా నిరాశపరచడానికి కారణం ఇదే. పండిన వెంటనే విత్తి, చోటు గుర్తు పెట్టుకుని, రెండేళ్లు ఆ మన్ను కదపకుండా ఉండాలి.

తర్వాత కూడా నడక నెమ్మదే. మరుసటి ఏడాది ఒక్క అసలైన ఆకు. అలా ఒంటి ఆకుతోనే కొన్నేళ్లు గడుస్తాయి. కొమ్ము కొంత బలిశాక మూడాకుల దశ వస్తుంది, అప్పుడూ పువ్వు ఉండదు. అంతా అనుకూలిస్తే ఏడు నుంచి పదేళ్లకు తొలి పువ్వు. నిజామాబాదు పసుపు రైతు ఎనిమిది, తొమ్మిది నెలల్లో కొమ్ము తవ్వి తీస్తాడు. అదే ఆకారంలో ఉండే ఈ కొమ్ముకు అంత బలం కూడగట్టుకోవడానికి దాదాపు ఒక దశాబ్దం కావాలి. ఏడాదికి కొద్ది వారాల ఎండే ఆదాయమైనప్పుడు ఇంతకంటే వేగంగా పెరగడానికి దారి లేదు. ఆ ఆలస్యానికి ప్రతిఫలం దీర్ఘాయుష్షు: నిలదొక్కుకున్న మొక్క దశాబ్దాల పాటు అదే చోట పూస్తుంది, మెల్లగా పక్కలకు పిలకలేసి గుంపు కడుతుంది.

ఈ లెక్క తెలిస్తే నర్సరీ ధర కూడా అర్థమవుతుంది. విత్తు నుంచి పెంచిన పూత మొక్క అంటే నర్సరీవారు ఏడెనిమిదేళ్లు చోటు, నీరు, శ్రమ పెట్టిన మొక్క. అది చవగ్గా దొరుకుతోందంటే అనుమానించవలసిందే. అడవిలోంచి తవ్వి తెచ్చినదై ఉండవచ్చు. ఇక్కడ మాటల గారడీ ఒకటి ఉంది. ‘నర్సరీలో పెరిగినది’ అన్న చీటీకి అడవి నుంచి తెచ్చి ఒక ఏడాది కుండీలో ఉంచినదన్న అర్థం కూడా సరిపోతుంది. ‘నర్సరీలోనే విత్తనం నుంచి లేదా పిలక నుంచి పుట్టించినది’ అని స్పష్టంగా చెప్పగలిగిన చోట కొనడమే సరైన పని.

చీమ మోసేది మీటర్లు, జింక మోసేది మైళ్లు

ట్రిలియం విత్తనానికి ఒక పక్క నూనెతో నిండిన చిన్న కండ అతికి ఉంటుంది. చీమలు దాని కోసం విత్తనాన్ని పుట్టకు మోసుకుపోయి, కండ తిని, గట్టి విత్తనాన్ని పుట్టలోనో దాని దాపునో వదిలేస్తాయి. మొక్కకు రవాణా కూలీ కింద ఆ కండ ఖర్చవుతుంది. బదులుగా ఎలుకల కంట పడని, మెత్తని మన్ను దొరుకుతుంది. కందిరీగలు కూడా కొన్ని ట్రిలియం జాతుల విత్తనాలను ఇలాగే మోస్తాయి.

అయితే చీమ మోసే దూరం సాధారణంగా కొన్ని మీటర్లు. గత హిమయుగంలో కెనడా దక్షిణ భాగం, అమెరికా ఉత్తర భాగం మంచు పలకల కింద ఉన్నాయి. మంచు వెనక్కు తగ్గాక గడిచిన వేల ఏళ్లలో చీమల మీదే ఆధారపడి ఉంటే ట్రిలియం నేటి అంటారియోకు చేరడం అసాధ్యం. 2003లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా ప్రాంతం నుంచి వెలువడిన పరిశోధన ఈ చిక్కుకు ఒక సమాధానం చూపింది: తెల్లతోక జింకల పేడలో మొలకెత్తగల ట్రిలియం విత్తనాలు దొరికాయి. కాయతో సహా మొక్కను మేసిన జింక విత్తనాన్ని కిలోమీటర్ల దూరం తీసుకుపోగలదు.

అదే జింక ఇప్పుడు దాని ప్రధాన శత్రువు. తోడేళ్లు, కూగర్లు అనే పెద్ద అడవి పిల్లులు తూర్పు అమెరికా నుంచి దాదాపుగా తుడిచిపెట్టుకుపోవడం, వేట మీద నియంత్రణలు రావడం, అడవి అంచుల్లో ఇళ్ల తోటలు పెరగడం వల్ల 20వ శతాబ్ది ఆరంభంలో కొన్ని లక్షలకు పడిపోయిన తెల్లతోక జింకల సంఖ్య ఇప్పుడు కోట్లకు చేరింది. ట్రిలియం వాటికి ఇష్టమైన మేత, అందులోనూ పూత దశలో ఉన్న పెద్ద మొక్కలు. ఒకటి రెండు ఏళ్ల మేతకు మొక్క చావదు, చిక్కుతుంది. ఏటా మేస్తూ పోతే పూత మొక్క వెనక్కు నడిచి పూత లేని మూడాకుల దశకు, ఇంకా వెనక్కు దిగజారుతుంది. అందుకే ఒక అడవిలో జింకల ఒత్తిడి ఎంతుందో అంచనా కట్టడానికి పరిశోధకులు ట్రిలియం కాడల సగటు ఎత్తును కొలిచారు. లెక్కకు దొరకని జింకలను లెక్కించడానికి కదలని మొక్క కొలబద్ద అయింది.

పెన్సిల్వేనియా అడవిలో ఏళ్ల తరబడి సాగిన ఒక కంచె ప్రయోగం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. జింకలను కంచెతో ఆపిన చోట ట్రిలియం వంటి స్థానిక మొక్కలు కోలుకోవడమే కాదు, ఐరోపా నుంచి వచ్చి అడవులను ఆక్రమిస్తున్న గార్లిక్ మస్టర్డ్ అనే కలుపు కూడా వెనుకంజ వేసింది. జింకలు ఆ ఘాటు కలుపును వదిలి స్థానిక మొక్కలను తినడం వల్లే అది అంతగా విజృంభించిందని దీన్నిబట్టి తేలింది.

కోస్తే చస్తుందా?

ట్రిలియం కోయడం చట్టరీత్యా నేరమని అంటారియోలో తరతరాలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. ప్రావిన్సు అంతటికీ వర్తించే అలాంటి నిషేధం లేదు. ప్రావిన్షియల్ పార్కుల్లో మాత్రం ఏ మొక్కను కోయడానికీ వీల్లేదు. అక్కడ అంతరించే ప్రమాదంలో ఉన్నది తెల్ల ట్రిలియం కాదు, దాని బంధువైన వాలు పూల ట్రిలియం.

నమ్మకం చట్టంగా తప్పే అయినా దాని వెనుక వృక్షశాస్త్రం ఉంది. ఈ మొక్కకు కాడ ఒకటే, ఆకులు మూడే, అవి కూడా పువ్వుకు సరిగ్గా కిందనే ఉంటాయి. గుత్తి కట్టడానికి అనువుగా పొడవైన కాడతో తుంచితే మూడు ఆకులూ దానితోపాటే పోతాయి. మరో చిగురు ఆ ఏడాది రాదు. అంటే మొక్క ఒక సంవత్సరపు సంపాదనను మొత్తంగా కోల్పోయి, నిల్వ మీద బతకాలి. బలమైన కొమ్ము తట్టుకోవచ్చు, బలహీనమైనది చావవచ్చు, మధ్యస్థమైనది కొన్నేళ్లు పూత మానుతుంది. ఆకులు వదిలి పువ్వును మాత్రమే గిల్లితే పోయేది ఆ ఏటి విత్తనమే.

ఫొటోల్లో తరచుగా కనిపించే ఇంకో అయోమయం ఆకుపచ్చ చారల ట్రిలియం. తెల్ల రేకుల మధ్య పచ్చని గీత ఉన్న పూలను అరుదైన రకంగా భావించి కొందరు వెతికి తెచ్చుకుంటారు. అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే వ్యాధి. తీవ్రమైతే పువ్వు వికృతమై మొక్క క్షీణిస్తుంది. అలాంటిదాన్ని పెరటికి తేవడం అంటే జబ్బును తెచ్చుకోవడమే.

వానపాములు, ముందుకు జరిగే వసంతం

వానపాము రైతు నేస్తం అని చదువుకుని పెరిగినవారికి ఈ భాగం వింతగా తోస్తుంది. హిమయుగపు మంచు కప్పిన ఉత్తర అమెరికా నేలల్లో స్థానిక వానపాములు లేవు. ఇప్పుడక్కడ ఉన్నవి ఐరోపా నుంచి, తర్వాత ఆసియా నుంచి కుండీల మన్నుతోనూ, చేపల ఎర రూపంలోనూ వచ్చినవి. ఆ అడవుల్లో రాలిన ఆకులు ఏళ్ల తరబడి మెల్లగా కుళ్లి, మెత్తని దట్టమైన పొరగా పేరుకుంటాయి. ట్రిలియం విత్తులు, వేళ్లు ఆ పొరకు అలవాటుపడినవి. వానపాములు ఆ పొరను వేగంగా తినేసి నేలను బోడి చేస్తాయి. పొలంలో మేలు చేసే పనే అడవిలో కీడుగా మారుతుంది. వానపాముల ఎరువును, ఎక్కడిదో తెలియని కంపోస్టును అడవి అంచున ఉన్న పెరళ్లలో వాడవద్దని చెప్పడం ఇందుకే.

వాతావరణ మార్పు ప్రభావం ఇంకా సూక్ష్మమైనది. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1850లలో ఏ మొక్క ఎప్పుడు పూసిందో, ఏ చెట్టు ఎప్పుడు చిగురించిందో రాసిపెట్టాడు. ఆ వివరాలను నేటి పరిశీలనలతో పోల్చిన పరిశోధన 2019లో వెలువడింది. వసంతం వేడెక్కేకొద్దీ నేలపూలు ముందుగా లేస్తున్నాయి, కానీ చెట్లు అంతకంటే ఎక్కువగా ముందుకు జరుగుతున్నాయి. ఫలితంగా మధ్యనున్న వెలుగు వారాలు కుదించుకుపోతున్నాయి. మొక్క పొద్దున్నే లేచినా సంత ముందే ముగిసిపోతున్నట్టు అన్నమాట. ఇది అన్ని ఖండాలకూ వర్తించే సూత్రం కాదు. తర్వాత ఖండాలను పోల్చి చూసినప్పుడు ఐరోపా, ఆసియా అడవుల్లో ఇదే ధోరణి కనిపించలేదు. తూర్పు అమెరికాలో మాత్రం ఏటా కొద్దికొద్దిగా తగ్గే ఆదాయం ఇంత నిదానమైన మొక్క మీద చూపే ప్రభావం బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. పూలు ఇంకా కనిపిస్తున్నాయి కదా అన్న ధీమాకు అర్థం లేదు. ఇప్పుడు పూస్తున్నవి చాలా ఏళ్ల క్రితం మొలిచినవి.

పెరటిలో నిలబెట్టడం

ఆకు రాల్చే చెట్టు కింద, నీరు నిలవని, ఆకుమన్ను దండిగా ఉన్న చోటు ట్రిలియానికి తగినది. ఆకులు పడిపోయి మొక్క నిద్రలో ఉన్న శరత్కాలంలో కొమ్మును నాలుగైదు అంగుళాల లోతున నాటి, పైన రాలిన ఆకులను అలాగే వదిలేస్తే సగం పని అయినట్టే. మేపుల్ ఆకులను ఊడ్చి సంచుల్లో కట్టి వీధిలో పెట్టే అలవాటు ఈ మూలకు పనికిరాదు. వేసవిలో కొమ్ము చోటు మరిచిపోకుండా ఒక పుల్ల గుచ్చడం, ఆ ఖాళీని నింపడానికి పక్కన ఫెర్న్‌లు పెంచడం అక్కడి తోటమాలుల పాత పద్ధతి. జింకలు తిరిగే పేటలో కంచె తప్పదు. ఘాటు వాసన మందులు వాన పడ్డ ప్రతిసారీ మళ్లీ చల్లవలసి ఉంటుంది. నాటిన మొదటి ఏడాది పువ్వు రాకపోతే మొక్క వేరు పట్టే పనిలో ఉందనే అనుకోవచ్చు. ఆకులు ఏటా కాస్త పెద్దవవుతుంటే మొక్క క్షేమం, చిన్నవవుతుంటే వసంతపు ఎండ చాలడం లేదు.

హిమాలయపు చుట్టం

ట్రిలియం కథ ఉత్తర అమెరికాకే పరిమితం కాదు. ప్రజాతిలోని సుమారు 50 జాతుల్లో ఎక్కువ అక్కడివే అయినా, కొన్ని తూర్పు ఆసియాలోనూ హిమాలయాల్లోనూ ఉన్నాయి. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ ఎత్తు అడవుల్లో పెరిగే ట్రిలియం గోవానియానమ్‌ను అక్కడివారు నాగ్ ఛత్రీ అంటారు. దీని పువ్వు చిన్నది, అలంకారానికి పనికొచ్చేది కాదు. కొమ్ములో ఉన్న స్టీరాయిడ్ సాపోనిన్లు అనే రసాయనాల కోసం ఔషధ వ్యాపారులు కొనడం మొదలయ్యాక కొండ పల్లెలవారు అడవికి పోయి తవ్వసాగారు.

పెరటి మొక్కకు, ఈ మొక్కకు లెక్క ఒకటే, నష్టం మాత్రం వేరు. జింక ఆకును తింటుంది, గుత్తి కట్టేవారు కాడను తుంచుతారు. రెండు సందర్భాల్లోనూ నేల కింద నిల్వ మిగిలి ఉంటుంది. నాగ్ ఛత్రీ విషయంలో తీసేది ఆ నిల్వనే. పైగా విత్తనం పండకముందే తవ్వితే తర్వాతి తరం కూడా పోతుంది. ఏళ్ల తరబడి బలిసిన కొమ్ము ఒక పూటలో సంచిలో పడుతుంది. ఆ గుంటలో మళ్లీ తవ్వదగిన కొమ్ము తయారయ్యేసరికి, తవ్వినవారి పిల్లలు పెద్దవాళ్లయి ఉంటారు.